వారసత్వం - నీతి - స్వేచ్ఛ: రెండు నవలలు, ఒక నాటకం

ప్రవేశిక

విజయవాడ నుండి మైలవరం వెళ్ళే మార్గంలో, కొండపల్లి దాటిన తరువాత వచ్చే జి. కొండూరు నూజివీడు మామిడి సీమలో భాగం. ఈ సీమలో తోట ఒక తరంతో ముగిసే ఆస్తి కాదు. తాత నాటిన చెట్టును తండ్రి కాపాడితే మనుమడు కాయ కోసుకొంటాడు. అయితే బంగినపల్లి టెంకను నాటినంత మాత్రాన బంగినపల్లి చెట్టే వస్తుందన్న నమ్మకం లేదు. అందువల్ల రైతు మేలైన చెట్టును ఎంచుకొని, దాని కొమ్మను నాటు మొక్కకు అంటు కడతాడు. ఏ చెట్టు కొమ్మ తీసుకోవాలన్నది అతని నిర్ణయం. తోట కొనసాగడంలో అందుకోవడం, ఎంచుకోవడం అనే రెండు పనులు ఇమిడి ఉన్నాయి.

విలువల విషయంలోనూ ముందు తరం నుండి చేతికి వచ్చేవి ఉంటాయి. కుటుంబ గౌరవం, కులాచారం, దానశీలం, దైవభక్తి, వృత్తి మర్యాద మొదలైనవి బిడ్డ అడగకుండానే అందుతాయి. వాటిని అందించేది సంస్కృతి. అందినవాటిలో నుండి ఎంచుకొనే శక్తి స్వేచ్ఛ. ఎంచుకొన్నదానికి బాధ్యత వహించడం నీతి. ఈ మూడు భావనలపై తెలుగులో విడివిడిగా చర్చ జరిగింది. కాని అవి ఒకదానినొకటి నిలదీసే చోటు వారసత్వం. తండ్రి నుండి వచ్చిన విలువ కొడుకుకు ఎప్పుడు నీతి అవుతుంది, ఎప్పుడు బరువు మాత్రమే అవుతుంది అన్న ప్రశ్నను కృష్ణా జిల్లా రచయితల మూడు రచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అవి అంగలూరులో జన్మించిన త్రిపురనేని రామస్వామి (1887-1943) రచించిన ‘శంబూకవధ’ నాటకం (1920), నందమూరులో జన్మించిన విశ్వనాథ సత్యనారాయణ (1895-1976) రచించిన ‘వేయిపడగలు’, రామస్వామి కుమారుడు త్రిపురనేని గోపీచంద్ (1910-1962) రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’. ‘వేయిపడగలు’ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో బహుమతిని పంచుకొన్నది. ‘అసమర్థుని జీవయాత్ర’ 1940ల మధ్యకాలపు రచన. తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు తొలి ఉదాహరణగా దానిని విమర్శకులు పేర్కొంటారు.

సంప్రదాయవాదిగా విశ్వనాథను, హేతువాదులుగా త్రిపురనేని తండ్రీకొడుకులను ఎదురెదురుగా నిలబెట్టి చదవడం విమర్శలో అలవాటయింది. ఆ విభజనకు ఆధారం ఉంది. అయితే రెండు నవలలూ దాదాపు ఒకే సన్నివేశం నుండి మొదలవుతాయన్న సంగతి ఆ విభజనలో మరుగున పడుతున్నది. సంపన్నుడైన తండ్రి, అతడు విడిచిపోయిన ఆదర్శం, కరిగిపోయిన ఆస్తి, ఆ ఆదర్శంతో మిగిలిన కొడుకు: ఈ నాలుగూ రెండింటిలో ఉన్నాయి. ధర్మారావు విషయంలో ఆస్తిని కరిగించినవాడు తండ్రి. సీతారామారావు విషయంలో కరిగించినవాడు కొడుకు. ఇద్దరూ తండ్రి మాటకు లోబడినవారే. ఒకడు నిలబడ్డాడు, మరొకడు శ్మశానంలో ముగిశాడు. ఈ భేదానికి కారణం సంప్రదాయమూ కాదు, హేతువాదమూ కాదు. వారసుడు కర్తగా నిలిచాడా లేదా అన్నదే కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మూడు మాటలు

‘నీతి’ శబ్దానికి మూలం ‘తీసుకొనిపోవు’ అనే అర్థం గల ధాతువు. మార్గం చూపి నడిపించేది నీతి. బద్దెన ‘నీతిశాస్త్ర ముక్తావళి’ నుండి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) వరకు తెలుగు నీతి వాఙ్మయంలో చెప్పేవాడు పెద్ద, వినేవాడు పిన్న. మిత్రలాభంలోని పావురాలు, ఎలుక, కాకి నేర్పేది ఎవరిని నమ్మాలి, ఆపదలో ఎలా బయటపడాలి అన్న లోకజ్ఞత. దాని విలువ తక్కువది కాదు. కాని విన్నవాడు కాదనవచ్చునా అన్న ప్రశ్నకు ఆ వాఙ్మయంలో చోటు స్వల్పం. పాఠశాలలో నీతి పద్యం కంఠస్థం చేసిన తరాలకు నీతి అనగానే అప్పగించవలసిన పాఠంగా తోచడం సహజం.

‘స్వేచ్ఛ’, ‘స్వాతంత్ర్యం’ అనే మాటలను పర్యాయపదాలుగా వాడుతున్నాము. స్వేచ్ఛలో ఉన్నది ఇచ్ఛ. స్వేచ్ఛాచారం, స్వేచ్ఛావిహారం అన్న సమాసాలలో నేటికీ కొంత మందలింపు వినిపిస్తుంది. స్వాతంత్ర్యంలో ఉన్నది తంత్రం, అంటే తన నడకకు తానే ఏర్పరచుకొన్న వ్యవస్థ. స్త్రీకి స్వాతంత్ర్యం తగదని ధర్మశాస్త్రం శాసించిన సంగతి ప్రసిద్ధం. ఆ మాట మన ఆచారలోకంలో నిషేధరూపంగానే ఎక్కువగా వ్యాపించింది. అదే మాటను వ్యాకరణం వేరొక విధంగా ఆదరించింది. పాణిని కర్తను నిర్వచించినప్పుడు స్వతంత్రుడనే మాటనే వాడాడు. క్రియకు సంబంధించిన తక్కిన కారకాలను ప్రవర్తింపజేసేవాడు కర్త, అతడు స్వతంత్రుడు.

వ్యాకరణం ఇంకొక భేదాన్ని కూడా చెప్పింది. ప్రేరణార్థకంలో చేయించేవాడు ప్రయోజక కర్త, చేసేవాడు ప్రయోజ్య కర్త. ‘గురువు శిష్యునిచేత పాఠం చదివించాడు’ అన్న వాక్యంలో చదివింది శిష్యుడే. అయినా ఆ చదువుకు ప్రేరణ గురువుది. వాక్యంలో ఈ స్థితి దోషం కాదు. జీవితంలో మాత్రం ప్రశ్న పుడుతుంది. తండ్రి ప్రేరణతో కొడుకు చేసే పనిలో కొడుకు ఎంతవరకు కర్త? కర్త కానివానికి పుణ్యమైనా పాపమైనా ఎలా అంటుతుంది? జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో ప్రకటించిన గ్రంథంలో విధికి అనుగుణంగా చేయడం వేరు, విధి అని గుర్తించి చేయడం వేరని వివేచించాడు. పని ఒకటే కావచ్చు. కర్త స్థితి ఒకటి కాదు. తెలుగు పాఠకుడు ఈ భేదాన్ని గ్రహించడానికి ప్రయోజక, ప్రయోజ్య కర్తల భేదం చాలు.

‘సంస్కృతి’ శబ్దంలో బాగుచేయడం, మెరుగుపెట్టడం అన్న అర్థం ఉంది. షోడశ కర్మలుగా చెప్పే సంస్కారాలతో ఈ మాటకు బంధుత్వం ఉన్నా, ఒక జాతి జీవన విధానమన్న నేటి అర్థం ఆధునిక కాలంలోనే స్థిరపడింది. ఉన్నదాన్ని ఉన్నట్లు దాచిపెట్టడం సంస్కరించడం కాదు. చేతికి వచ్చినదానిపై మళ్ళీ పని జరిగితేనే ఆ మాట సార్థకమవుతుంది.

వారసత్వానికి మూడు పరీక్షలు

పై అర్థవివేచనను బట్టి, వారసత్వంగా వచ్చిన విలువ వారసుని నీతి అయిందో లేదో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు ఏర్పరచుకోవచ్చు. మొదటిది, ఆ విలువకు కారణం అడిగే వీలు వారసునికి ఉన్నదా? రెండవది, కాదనే వీలు ఉన్నదా? మూడవది, ఆ విలువను నిలబెట్టడానికి అయ్యే వ్యయం ఎవరిపై పడుతున్నది?

మొదటి రెండు పరీక్షలు స్వేచ్ఛా చర్చలో తరచు కనిపించేవే. మూడవదానిని విమర్శ అంతగా పట్టించుకోలేదు. ఒకడు తన ఆదర్శం కోసం తాను పస్తుండడం త్యాగం. అతని ఆదర్శం కోసం, సమ్మతి తెలుపని మరొకరు పస్తుంటే దానికి వేరే పేరు కావాలి. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఆదర్శ పాత్రలను కొలిచే ప్రమాణం లోపభూయిష్ఠమవుతుంది.

ధర్మారావు: తెలిసి స్వీకరించినవాడు

‘వేయిపడగలు’ నవలలోని సుబ్బన్నపేట జమీందారీ, దేవాలయం, కులవృత్తులు, కళలు ఒకదానితో ఒకటి అల్లుకొన్న లోకం. ఇటువంటి లోకం కృష్ణా జిల్లా పాఠకులకు ఊహామాత్రం కాదు. నూజివీడు, మైలవరం జమీందారీలు జి. కొండూరుకు ఇరుగుపొరుగు. మైలవరం జమీందారుల ఆదరణలో నడిచిన నాటక సమాజం తెలుగు రంగస్థల చరిత్రలో ప్రసిద్ధం. జమీందారీ ఆదాయంపై కళలు బతికిన ఆ వ్యవస్థకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ముగింపు పలికింది. విశ్వనాథ ఆ ముగింపును పదునాలుగేళ్ళ ముందే ఒక సంస్కృతి పతనంగా దర్శించాడు. వేయి పడగలలో చివరకు రెండే మిగలడం, ఆ రెండూ దాంపత్యానికి సంకేతం కావడం నవలలోని ప్రధాన ప్రతీక.

ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి మహాసంపన్నుడు, మహాదాత. అతని దానశీలం ఫలితంగా కొడుకుకు మిగిలింది పేదరికం. ఇక్కడ ధర్మారావు తండ్రిని నిందించడు. ఆ మౌనాన్ని పితృభక్తిగా మాత్రమే గ్రహిస్తే పాత్ర సగమే అర్థమవుతుంది. ధర్మారావు చదువుకొన్నవాడు, వాదించేవాడు. కొత్త విద్యనూ కొత్త పాలననూ ఎరిగి వాటిని కాదన్నవాడు. రాజీపడితే సుఖంగా బతకగల అవకాశాలు అతని ముందుకు వస్తాయి. వాటిని వదులుకోవడం తెలిసి చేసిన పని. కనుక మొదటి పరీక్షలో అతడు నెగ్గుతాడు. తన విలువలకు కారణం చెప్పగలడు. రెండవ పరీక్షలోనూ చాలావరకు నెగ్గుతాడు. అతనికి కాదనే వీలు ఉంది, అయినా ఔనన్నాడు. తండ్రి ప్రేరణతో మొదలైన వాక్యానికి అతడు క్రమంగా స్వతంత్ర కర్త అయ్యాడు. హేతువాద దృష్టితో చదివే విమర్శకులు ధర్మారావును గతానికి బందీగా చూపడం ఈ అంశాన్ని విస్మరించడమే అవుతుంది. అతడు నమ్మినదానితో విభేదించవచ్చు. అతడు నమ్మలేదనో, నమ్మించబడ్డాడనో చెప్పడానికి నవల అవకాశం ఇవ్వదు.

మూడవ పరీక్ష దగ్గర నవల చిక్కుపడుతుంది. ధర్మారావు దారిద్ర్యం ధర్మారావు ఒక్కనిది కాదు. అరుంధతి ఆ ఇంటి లేమిని మోస్తుంది. ఆమె సహనాన్ని నవల గౌరవిస్తుంది, దాంపత్య ధర్మానికి శిఖరంగా చూపుతుంది. కాని ఆమె ముందు ఎన్ని దారులున్నాయన్న ప్రశ్న వేయదు. దేవదాసి గిరిక వేణుగోపాలస్వామికి తన్ను అర్పించుకొని, నృత్యసేవలోనే దేహాన్ని కరిగించుకొంటుంది. ఆమె భక్తిలో బలవంతం కనిపించదు. తెలుగు నవలలో భక్తి తాదాత్మ్యాన్ని ఇంత గాఢంగా చిత్రించిన పాత్రలు అరుదు. అయినా ఆమె పుట్టుకతోనే ఆమె ఎంపిక చాలావరకు జరిగిపోయింది. ఔననడానికి విలువ రావాలంటే కాదనే దారి ఒకటి తెరచి ఉండాలి. ధర్మారావుకు ఆ దారి ఉంది. గిరికకు నవలా లోకంలో అది కనిపించదు.

దీనికి సంప్రదాయ పక్షం నుండి బలమైన సమాధానం ఉంది. స్వధర్మం ఎంపికకు సంబంధించినది కాదు, గుర్తింపునకు సంబంధించినది. కోరికల నుండి విడుదలే నిజమైన స్వేచ్ఛ కనుక అనేక దారులుండడం స్వేచ్ఛకు కొలత కాదు అన్నది ఆ వాదం. ఈ వాదాన్ని తేలికగా తీసివేయకూడదు. కోరిన వస్తువునల్లా పొందగలవాడు స్వేచ్ఛాపరుడే కాని స్వతంత్రుడు కానక్కరలేదు. అయితే కోరికలను జయించడం ఎవరికి వారు చేయవలసిన పని. ఒకరి బదులు మరొకరు ఆ పని చేయలేరు. ధర్మారావు తన కోరికలను జయించినందువల్ల అరుంధతి కోరికలు జయించబడవు. సంప్రదాయవాదం తన ప్రమాణంతోనే తాను చూచుకొన్నా మూడవ పరీక్ష మిగిలే ఉంటుంది.

సీతారామారావు: అడిగినా వినిపించుకోనివాడు

‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుకు తండ్రి నుండి ఆస్తితోపాటు వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న ఆదేశం సంక్రమిస్తుంది. ధర్మారావుకు వచ్చినది తండ్రి జీవితం. ఇతనికి వచ్చినది తండ్రి మాట. ఒక మనిషి ఎలా బతికాడో చూచి నేర్చుకొన్నది వేరు, ఎలా బతకాలో చివరి క్షణంలో విన్నది వేరు. మరణించినవాని మాటను ప్రశ్నించడానికి వీలు లేదు. ఆదేశించిన గొంతు మూగబోయిన తరువాత ఆదేశం మాత్రం మిగిలింది. సీతారామారావు ప్రతిష్ఠ కోసం బంధుమిత్రులకు ఖర్చు పెడతాడు, ఆస్తి కరుగుతుంది, ఆదరణా కరుగుతుంది. అతడు చేసిన సహాయాలకు బయట నుండి చూస్తే దానమనే పేరు పెట్టవచ్చు. రామేశ్వరశాస్త్రి దానానికీ వీటికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ఇచ్చేవాని చూపు పుచ్చుకొనేవాని అవసరం మీద కాక, చూచేవాని కళ్ళ మీద ఉంది. అతడు తన దానానికి ప్రయోజ్య కర్త. ప్రయోజక కర్తలు ఇద్దరు: మరణించిన తండ్రి, చూస్తున్న ఊరు.

ఈ నవలను గోపీచంద్ తన తండ్రికి అంకితం చేస్తూ, ఎందుకని ప్రశ్నించడం నేర్పినందుకు కృతజ్ఞత తెలిపిన సంగతి విదితమే. ఈ అంకితాన్ని నవలకు తాళంచెవిగా వాడి, ప్రశ్నించలేకపోవడమే సీతారామారావు పతనానికి కారణమని చెప్పడం సులభం. నవల అంత సులభమైనది కాదు. సీతారామారావు ప్రశ్నించనివాడు కాడు. మనుషుల ప్రవర్తనను తర్కిస్తాడు, లోకపు కపటాన్ని ఎండగడతాడు, విలువలన్నింటినీ సందేహిస్తాడు. అతని తర్కం చాలా చోట్ల పదునైనది. రామయ్యతాత వంటి వివేకవంతుడు అతనికి అందుబాటులో ఉన్నాడు. లోకం నడిచే తీరును విడమరచి చెప్పేవాడు ఉన్నాడు. ప్రశ్నకూ జవాబుకూ కొరత లేదు. అయినా అతడు మునిగిపోతాడు.

కారణం ఏమంటే, అతని ప్రశ్న తన వైపు తిరగదు. పనిచేయనందుకు సమర్థనగా, భార్యను కొట్టినందుకు సమర్థనగా, ఉద్యోగంలో ఇమడలేనందుకు సమర్థనగా తర్కం అతనికి ఉపయోగపడుతుంది. వంశప్రతిష్ఠను లోకం ముందు వెక్కిరించగలిగిన తరువాత కూడా లోపల దానితోనే తన్ను కొలుచుకొంటాడు. కనుక మొదటి పరీక్షలో అతని స్థితి విచిత్రమైనది. కారణం అడిగాడు, అడిగిన ఫలితాన్ని జీవితంలోకి రానివ్వలేదు. రెండవ పరీక్షలో అతడు పూర్తిగా విఫలుడు. తండ్రి మాటను స్వీకరించనూ లేదు, నిరాకరించనూ లేదు. దానిని అప్పుగా మోశాడు. హేతువాదం తన శత్రువును మాత్రమే కాక తన బలహీనతను కూడా పరిశీలించిన సందర్భంగా ఈ నవలను గుర్తించాలి. ప్రశ్న అవసరమే, కాని ప్రశ్నించడం ఒక అలంకారమైతే అది కూడా వంశప్రతిష్ఠ వంటి మరొక ప్రతిష్ఠ అవుతుంది.

మూడవ పరీక్షలో ఫలితం స్పష్టం. సీతారామారావు అసమర్థతకు వ్యయం భరించినవారు భార్య ఇందిర, వారి బిడ్డ. అతడు తన్ను తాను హింసించుకొని మరణించడం నవల ముగింపు. ఆ ముగింపు తీవ్రత వల్ల పాఠకుని సానుభూతి అతని చుట్టూనే తిరుగుతుంది. అతనికి ముందు ఆ ఇంటిలో దెబ్బలు తిన్నవారున్నారన్నది రెండవ పఠనంలో గాని ప్రాధాన్యం పొందదు. ఈ విషయంలో ధర్మారావు నవలకూ సీతారామారావు నవలకూ భేదం తక్కువ. ఒక నవల స్త్రీ సహనాన్ని పూజించింది, మరొక నవల స్త్రీ బాధను చూపింది. రెండింటిలోనూ వారసత్వ సమస్య పురుషునిది, దాని ఖర్చు స్త్రీది.

గోపీచంద్ తరువాతి కాలంలో ఈ సమస్యను విడిచిపెట్టలేదు. రాడికల్ డెమోక్రాటిక్ పార్టీలో పనిచేసి, మానవేంద్రనాథ రాయ్ భావాలను ఆకళించుకొని, తరువాత అరవిందుని వైపు మొగ్గిన రచయిత అతడు. 1963లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన అతని నవలకు ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’ అని పేరు. ఒక తరం మరొక తరానికి ఏమి విడిచిపోవాలన్న ఆలోచన చివరి వరకు అతని వెంట ఉన్నదనడానికి ఆ శీర్షిక చాలు.

శంబూకుడు, రాముడు: ఇద్దరు కర్తలు

రెండు నవలలకు ముందే రామస్వామి ‘శంబూకవధ’ ఈ సమస్యను మరింత కఠినంగా నిలబెట్టింది. శూద్రుడు తపస్సు చేయడం వల్ల అకాలమరణం సంభవించిందని, రాజు అతనిని వధించాడని రామాయణ కథ. రామస్వామి ఈ కథను తిరగవేసిన తీరులో ప్రధానంగా గమనించవలసినది శంబూకుని ఔన్నత్యం మాత్రమే కాదు, రాముని స్థితి. నాటకంలో రాముడు క్రూరుడు కాడు. వధకు అతని మనస్సు సులభంగా ఒప్పుకోదు. వర్ణధర్మ రక్షణ పేరిట వసిష్ఠాదులు అతనిని ఆ పనికి పురికొల్పుతారు. కత్తి రామునిది, ప్రేరణ ఇతరులది. రాముడు ప్రయోజ్య కర్తగా మిగిలిపోతాడు.

అధికారం ఉన్నవాడు స్వతంత్రుడని లోకం అనుకొంటుంది. ఈ నాటకం ఆ అపోహను తొలగిస్తుంది. సింహాసనంపై కూర్చున్నవాడు తన సంస్కృతి చేతిలో పరతంత్రుడు. నేలపై కూర్చుని తపస్సు చేస్తున్నవాడు స్వతంత్రుడు. శంబూకుడు మూడు పరీక్షలలోనూ నెగ్గుతాడు. తనకు నిషిద్ధమైన పనికి కారణం అడిగాడు, నిషేధాన్ని కాదన్నాడు, దాని వ్యయాన్ని తన ప్రాణంతో తానే చెల్లించాడు. రాముడు మూడింటిలోనూ ఓడిపోతాడు. సందేహం కలిగినా నిలదీయలేదు, కాదనలేదు, తన ధర్మానికి ఖర్చు మరొకని మెడపై వేశాడు.

ఈ నాటకాన్ని కులవిమర్శగా చదవడం సమంజసమే. అయితే అంతటితో ఆగిపోతే దాని నైతిక ప్రతిపాదన పూర్తిగా వెలుగులోకి రాదు. అన్యాయానికి గురైనవాని స్వేచ్ఛ పోతుందన్నది అందరికీ తెలిసిన సత్యం. అన్యాయం చేసినవాడు కూడా దానిని తన స్వేచ్ఛతో చేయలేదన్నది ఈ నాటకం చెప్పిన అదనపు సత్యం. అది అతనికి క్షమాపణ కాదు. ఆజ్ఞను పాటించానన్న మాట వెనుక దాగడానికి వీలు లేదని నిరూపించడమే దాని ప్రయోజనం. ప్రయోజ్య కర్త కూడా వ్యాకరణంలో కర్తే. పురికొల్పినవారున్నంత మాత్రాన కత్తి ఎత్తిన చేయి నిర్దోషి కాదు.

నేటి సందర్భం

ఈ రచనల చర్చ పాత తరపు వివాదంగా మిగిలిపోలేదనడానికి నిదర్శనాలు సమీపంలోనే ఉన్నాయి. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకొన్న యువకుని హత్య తెలుగు సమాజాన్ని కలచివేసింది. అటువంటి హత్యలకు పత్రికలు పెట్టిన పేరు పరువు హత్య. పరువు అన్న మాట సీతారామారావు మోసిన వంశప్రతిష్ఠకు వాడుక రూపం. అతడు ఆ బరువుతో తన్నూ తన ఇంటినీ నాశనం చేసుకొన్నాడు. అదే బరువు బయటికి తిరిగితే మరొక ఇంటి బిడ్డ ప్రాణం పోతుంది. అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసు తీర్పులో, వయోజనులైన ఇద్దరు పరస్పర సమ్మతితో వివాహమాడడానికి కుటుంబం గాని సమాజం గాని కులం గాని అనుమతించనవసరం లేదని స్పష్టం చేసింది. చట్టం రెండవ పరీక్షను అంగీకరించింది. తండ్రుల మనస్సులో మూడవ పరీక్ష ఇంకా జరగవలసి ఉంది. పరువు నాదైతే దాని ఖర్చు మరొకరు ఎందుకు భరించాలి అన్నదే ఆ పరీక్ష.

స్త్రీ వారసత్వాన్ని ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987) నేరుగా విచారించింది. కోరుకొన్నవానిని వివాహమాడినంత మాత్రాన స్వేచ్ఛ లభించదని అందులోని అరుణ అనుభవంతో గ్రహిస్తుంది. పుట్టింటి కట్టుబాటును కాదని ఎంచుకొన్న జీవితం కూడా మరొక కట్టుబాటుగా మారవచ్చును. అప్పుడు మళ్ళీ ఎంచుకొనే హక్కు ఉండాలి. అరుంధతి, ఇందిర, గిరికల విషయంలో పూర్వ రచనలు అడగని ప్రశ్నను ఈ నవల అడిగింది. కనుక దానిని ఆ రచనల నిరాకరణగా కంటె వాటి కొనసాగింపుగా చదవడం ఉచితం. ఒకప్పుడు మందలింపు ధ్వనించిన స్వేచ్ఛ అన్న మాట ఒక నవలకు శీర్షికగా తల ఎత్తుకొని నిలవడం తెలుగు భావచరిత్రలో గుర్తించదగిన మలుపు.

తెలుగు బోధనకు కూడా ఈ చర్చతో సంబంధం ఉంది. నీతి పద్యం తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థి అర్థం అప్పగిస్తే పాఠం పూర్తయిందని భావించడం పరిపాటి. ఆ పద్యం చెప్పిన మాట ఎవరికి మేలు చేస్తుంది, ఎవరికి భారమవుతుంది, దానిని పాటించనివానికి ఏమవుతుంది అన్న చర్చ జరిగితేనే అది నీతిపాఠమవుతుంది. లేకపోతే జ్ఞాపకశక్తికి పరీక్షగా మిగిలిపోతుంది. వారసత్వ సంపదగా పరిచయం చేసే ప్రాచీన వాఙ్మయం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ప్రశ్నించడానికి అనుమతి ఉన్న విద్యార్థి దానిని స్వీకరించినప్పుడే ఆ స్వీకారానికి బలం ఉంటుంది.

ఉపసంహారం

మూడు రచనలను ఒకే ప్రమాణంతో పరిశీలించినప్పుడు సంప్రదాయ, హేతువాద విభజన రేఖ వేరొక చోటికి జరుగుతుంది. తాను నమ్మినదానిని తెలిసి నమ్మిన ధర్మారావు, తాను కాదన్నదానిని తెలిసి కాదన్న శంబూకుడు సిద్ధాంతంలో శత్రువులైనా కర్తృత్వంలో సన్నిహితులు. తండ్రి మాటను మోసిన సీతారామారావు, పెద్దల మాటను నెరవేర్చిన రాముడు వేర్వేరు లోకాలవారైనా పారతంత్ర్యంలో బంధువులు. వారసుడు కర్త కాగలిగినప్పుడు ఏ విలువైనా అతని నీతి అవుతుంది. అయితే కర్తృత్వం ఒక్కటే చాలదని అరుంధతి, గిరిక పాత్రలు గుర్తు చేస్తాయి. స్వేచ్ఛతో స్వీకరించిన ఆదర్శం కూడా ఇతరుల స్వేచ్ఛను ఖర్చుపెట్టి నిలబడితే అది అసంపూర్ణ నీతి. ‘వేయిపడగలు’ గొప్పతనమూ పరిమితీ ఈ చోటనే కలుస్తాయి.

సంస్కృతి కొనసాగాలని కోరేవారికి ఈ నిర్ధారణ ప్రతికూలం కాదు. జి. కొండూరు తోటలో తాత నాటిన చెట్టును గౌరవించే రైతు దాని ప్రతి టెంకనూ నాటడు. కాయ రుచి చూచి, కాపు తీరు చూచి, కొమ్మను ఎంచుకొంటాడు. ఎంచుకొన్నందువల్ల తాత చెట్టుకు అగౌరవం జరగదు. అది మరొక తరం కాస్తుంది. విలువల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. మొక్కకు సమ్మతి అడగనవసరం లేదు, మనిషికి అడగాలి. ఏ కొమ్మ తనదో నిర్ణయించుకొనే హక్కును కొడుకుతోపాటు కూతురికి, ధర్మారావుతోపాటు గిరికకు, రామునితోపాటు శంబూకునికి కూడా ఇవ్వగలిగిన నాడే సంస్కృతి అన్న మాట తన ధాత్వర్థానికి న్యాయం చేస్తుంది.